సగం గుప్పెడు

పసిబిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున అయిదింటికి ఎస్టేటు గంట ఎప్పటిలాగే మోగింది. ఎప్పటిలాగే మేస్త్రీ కూలీల లైన్ల మధ్య నడుస్తూ ఒక్కో తలుపు మీద కర్రతో రెండేసి దెబ్బలు వేసుకుంటూ వచ్చాడు. పదకొండో నంబరు గది ముందు ఆగాడు. అక్కడ ఒక్క దెబ్బే వేశాడు. ఆ మనిషిలో మొహమాటం అంతమాత్రం మిగిలి ఉంది.

"నిన్న ఒక పూట వదిలేశాను. ఇవాళ అత్తాకోడళ్ళిద్దరూ రావాలి. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది. రెండో దఫా మందు ఆగేది కాదు."

తలుపు తీసింది అత్తగారు. ఎస్టేటులో ఆమెను అందరూ కొలతమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా యూరియా చల్లుతున్న చెయ్యి ఆమెది. గుప్పిట బిగించి తీసిందంటే ఎన్నిసార్లు తూచినా ఒకటే తూకం. మేనేజరు ఒకసారి పందెం కాసి మరీ తూయించి ఓడిపోయాడు. ఇరవై ఆరుమంది ఆడవాళ్ళ ముఠాకు ముందు నడిచే మనిషి ఆమె. ఆమె గుప్పిట ఎంతో ముఠా గుప్పిట అంత.

"కోడలు లేచే స్థితిలో లేదయ్యా" అంది.

"లేస్తుందిలే. కూర్చుంటే ఏడుపు ఎక్కువవుతుంది. పనిలో పడితే మర్చిపోతుంది."

"ఏడవడం లేదు. అదే భయంగా ఉంది."

మేస్త్రీ పక్క గదికి కదిలాడు. పన్నెండో తలుపు మీద రెండు దెబ్బలు వేశాడు. చుట్టుపక్కల గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళు అదంతా చూశారు. చూసి, తలలకు గుడ్డలు చుట్టుకుని, బకెట్లు తీసుకుని బయల్దేరారు. కోడలు కూడా లేచింది. ఎవరూ పిలవకుండానే తన బకెట్టు తీసుకుని వరసలో చేరింది. పది వారాల పిల్ల తల్లి అన్న గుర్తు ఆమె రవిక మీద ఎక్కడా లేదు. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి.

ఎట్లా ఇంకిపోయాయో చెప్పాలి. కానుపయిన నలభయ్యో రోజుకు పనిలోకి రాకపోతే గది ఖాళీ చెయ్యాలని ఎస్టేటు రూలు. ఆరింటికి పొలంలో దిగితే మధ్యాహ్నం రెండు దాకా గట్టు దాటకూడదని ఇంకో రూలు. లైన్ల నుంచి పొలానికి గంట నడక. పది గంటలు బిడ్డ నోరు తగలని రొమ్ము ఎన్నాళ్ళు పాలిస్తుంది? రెండు వారాలకే డబ్బా పాలు మొదలయ్యాయి. కొలతమ్మ తెల్లవారగట్ల లేచి బావి నీళ్ళు తెచ్చి, పసిబిడ్డ కదా అని ఒకసారికి రెండుసార్లు మరగబెట్టి, ఫ్లాస్కులో పోసి, పక్కగది కుంటి ముసలమ్మకు అప్పగించి పనికి వెళ్ళేది. మనవరాలి విషయంలో ఆమె అంత జాగ్రత్త.

ఒకరోజు మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి బిడ్డ పెదవులు మబ్బు రంగుకు తిరిగి ఉన్నాయి. గోళ్ళూ అంతే. జ్వరం లేదు, దగ్గు లేదు. ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తారు. అక్కడి నర్సమ్మ మడమ మీద సూదితో పొడిస్తే వచ్చిన చుక్క ఎర్రగా లేదు, తుప్పు నీళ్ళలా ఉంది. పట్నం నుంచి బండి వచ్చేసరికి చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. లారీ మీద తిరిగే కొడుకు కబురందుకుని వచ్చేటప్పటికి పూడ్చిన మట్టి ఆరింది. ఒక రోజు కూర్చున్నాడు. మళ్ళీ లారీ ఎక్కాడు.

అయిదో నాడు నర్సమ్మ చిన్న సంచీతో లైన్లకు వచ్చింది. బావి దగ్గర కొలతమ్మ ఒక్కతే ఉంది. నర్సమ్మ సంచీలోంచి ఒక కాగితపు ముక్క తీసి బిందెలో ముంచింది. తెల్లటి కాగితం లేత గులాబీ రంగుకు వచ్చి, అక్కడ ఆగకుండా చిక్కబడుతూ పోయింది.

"ఇది నీళ్ళలో నైట్రేటు" అంది నర్సమ్మ. "మీరు చల్లే మందే కొలతమ్మా. మొక్క తాగగా మిగిలింది కిందికి దిగుతుంది. ఇసుక నేల, పోసింది పోసినట్టు బావిలోకి వస్తుంది. మనం తట్టుకుంటాం. నెలల పిల్లల రక్తం తట్టుకోదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆ గాలిని రక్తం మొయ్యలేదు."

"నేను కాచానుగా నర్సమ్మా. రెండుసార్లు కాచాను."

నర్సమ్మ తడిసిన కాగితాన్ని సంచీలో పెట్టుకుంది. చెప్పకుండా పోదామా అని కూడా అనుకుందేమో. కానీ చెప్పింది.

"కాస్తే పురుగు చస్తుంది. ఇది చావదు. నీళ్ళు ఆవిరైపోయేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది."

"సరే" అంది కొలతమ్మ. అని, బిందె నడుముకెత్తుకుని ఇంటివైపు నడవబోయింది. నర్సమ్మే ఆ బిందె దింపి నీళ్ళు పారబోసింది.

"పైవాళ్ళకి మూడుసార్లు రాశాను" అంది. "పరిశీలిస్తున్నాం అని మూడుసార్లూ జవాబొచ్చింది."

ఆ తర్వాత కొన్నాళ్ళు కొలతమ్మ తినడం తిన్నది, చల్లడం చల్లింది, పడుకోమంటే పడుకుంది. నోట్లో ముద్ద మన్నులా తిరిగేది. మందు చల్లింది తన చెయ్యి. నీళ్ళు మరగబెట్టింది తన చెయ్యి. ఈ రెండు మాటలూ ఆమె లోపల పక్కపక్కన కూర్చుని ఉండేవి. వాటి మీద కోపం గానీ ఏడుపు గానీ రాలేదు. బండరాయి మీద వాన పడ్డట్టు అన్నీ జారిపోయేవి. కోడలికి చెప్పాలనుకుంది. చెప్పలేదు. చెప్తే కోడలు తన ముఖం వంక ఎట్లా చూస్తుందో అన్న భయం కూడా సరిగ్గా కలగలేదు. మాట గొంతు దాకా రావడమే మానేసింది.

ఒక సాయంత్రం కొలతమ్మ నాలుగో నంబరు గది ముందు నుంచి వస్తోంది. లోపల నెల పిల్లాడి తల్లి పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్ళు మరగబెడుతోంది. కొలతమ్మ లోపలికి వెళ్ళింది. గుడ్డ కూడా పట్టుకోకుండా ఉత్త చేతులతో గిన్నె ఎత్తి గుమ్మంలో కుమ్మరించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె చూసుకోను కూడా లేదు.

"పిచ్చెక్కిందా అత్తా నీకు" అంది ఆ పిల్ల, బిడ్డను గుండెకు కరుచుకుని.

"నా మనవరాల్ని నేనే చంపాను" అంది కొలతమ్మ. "నువ్వట్లా చెయ్యకు."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అయినా గోడలు పలుచన. ఆరో గదిదాకా వినిపించింది.

పొద్దు వాలకముందే బట్టలుతికే బండల దగ్గర ముఠా అంతా పోగయింది. సైరనక్క పోగుచేసింది. ఆమె పిలిస్తే మూడో పొలంలో ఎద్దులు తల తిప్పుతాయని పేరు. నర్సమ్మ వచ్చింది. ఆమెతోపాటు ఒక బక్కపల్చటి పెద్దాయన. ఎస్టేటు వాళ్ళ మట్టి పరీక్షల గదిలో పద్దెనిమిదేళ్ళు పనిచేసి, ఉన్న మాట కాగితం మీద రాసినందుకు ఇంటికి పంపబడ్డ మనిషి. అందరూ మట్టి మేష్టారు అంటారు.

"కౌలు రైతు ఎకరానికి ఎనిమిది బస్తాలు మీ ముఠాతో చల్లించాలని కౌలు కాగితంలోనే రాసుంటుంది" అన్నాడాయన. "ఎందుకు? భూమీ యజమానిదే, మందు అమ్మే కొట్టూ యజమానిదే. వెయ్యనివాడికి కౌలు పోతుంది. నేను నేల పరీక్ష చేసి చూశాను. నాలుగు చాలు. అదీ సమయం చూసి వేస్తే. నాలుగు చాలు అని రాశాను, నన్ను తీసేశారు."

"మిగతా నాలుగూ ఏమవుతున్నట్టు?" అంది సైరనక్క.

"కొంత గాలికి. మీరు చల్లేటప్పుడు ముక్కు మండుతుందే, ఆ ఘాటు అదే. కొంత నీటికి. కాలవలో పచ్చటి నాచు ఎందుకు పేరుకుందనుకున్నావు? చేపలు తేలింది ఎందుకు? మిగతాది మీ బావిలో ఉంది."

"అయితే ఈ పాడు మందు మొత్తం మానేద్దాం" అంది ఒకామె.

"మానేస్తే కంకి కట్టదమ్మా. ఈ గింజ పట్నం తింటుంది, మనమూ తింటాం. మొక్కకి తిండి కావాలి. అన్నం పెట్టు, అరుగుతుంది. ఎనిమిది కంచాలు ముందు పెట్టి గొంతులోకి కుక్కితే ఏమవుతుంది?"

మాటలు పెరిగాయి. పై ఆఫీసుకు అర్జీ పెడదామని ఒకరు. పెట్టిన అర్జీలతో అక్కడ టీ పొట్లాలు కడతారని ఒకరు. పని మానేద్దామంటే, రేపే బయట ముఠా వస్తుందని ఇంకొకరు. ఎవరి మాట వాళ్ళది. కొలతమ్మ బండ మీద కూర్చుని బొబ్బలెక్కిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. వింటోందో లేదో కూడా తెలియదు.

అప్పుడు కోడలు మాట్లాడింది. బిడ్డ పోయాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"బస్తాలు వాళ్ళవి. పొలం కౌలోళ్ళది. గుప్పిట ఎవరిది?"

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ కొలతమ్మ వైపు చూశారు.

"ముప్ఫై ఏళ్ళు తప్పని చెయ్యి ఇది" అంది కొలతమ్మ నెమ్మదిగా. "ఇప్పుడు తప్పమంటారా?"

"తప్పింది ఇన్నాళ్ళూనే వదినా" అంది సైరనక్క. ఆ ఒక్కసారి ఆమె గొంతు పక్కనున్న వాళ్ళకే వినిపించింది.

కోడలు వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. గిన్నె మాట, మరగబెట్టిన మాట ఆమెకూ తెలిసిపోయిందన్నమాట. కొలతమ్మ అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, బొబ్బలకు రాయడానికి నర్సమ్మను మందు అడిగింది.

మర్నాటి సాయంత్రం నుంచీ లైన్ల వెనక ఇసుక పోసి సాధన మొదలైంది. సగం గుప్పెడు తియ్యడం వినడానికి తేలిక. చెయ్యి అలవాటు పడిన తూకాన్ని మరిపించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. చివరికి కొలతమ్మే దారి కనిపెట్టింది. చిటికెన వేలూ ఉంగరం వేలూ ముడిచి మిగతా మూడు వేళ్ళతో తీస్తే సరిగ్గా సగం. పోసిన మందు గాలికి పోకుండా మొక్క మొదట్లో వేసి, కాలి బొటనవేలితో మట్టి తోసి కప్పాలన్నాడు మట్టి మేష్టారు. ఆయన దగ్గర ఆకుపచ్చ రంగు పట్టీలు వేసిన అట్ట ఒకటి ఉంది. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా వరస. ఆకును దాని పక్కన పెట్టి చూడాలి. ఆకు పాలిపోయి ఉంటే మొక్కకు ఆకలి, వెయ్యాలి. ముదురుగా ఉంటే కడుపు నిండి ఉంది, ఆ దఫా ఆగాలి. అట్లాంటివి మూడు చేసి ఇచ్చాడు.

చిక్కు మిగిలిపోయిన మందుతో వచ్చింది. మేస్త్రీ పని ముగిశాక ఖాళీ బస్తాలు లెక్కపెట్టి తీసుకుంటాడు. కాబట్టి బస్తాలు ఖాళీ కావాలి, మందు ఎక్కడికో పోవాలి. కోడలు పాత దుప్పట్లు కత్తిరించి సంచులు కుట్టింది. ఒక్కో గది నుంచి ఒక్కో దుప్పటి. చారలవి, పువ్వులవి, మాసికలవి. పొలం మధ్యలో పాడుబడ్డ పంపు గది ఉంది. కప్పు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తడి తగలకుండా సంచులన్నీ అందులో పేర్చారు. మేస్త్రీ గట్టున గొడుగు కింద కునికేవాడు. వరసలో ముందు నడిచేది కొలతమ్మ అయితే చూసేదేముందని ఆయన ధీమా.

పన్నెండో రోజున పట్టుబడ్డారు. పట్టుకున్నది మేస్త్రీ కాదు. పదెకరాల కౌలుదారు, మీసాలాయన. తన చేలో మొక్క మొదలు తవ్వి చూసి, గట్టు మీద కొలతమ్మ దారికి అడ్డం నిలబడ్డాడు.

"మందు గింజలు లెక్కపెట్టాను. సగం కూడా లేవు. మా చేను ఎండబెట్టి ఎవరి పగ తీర్చుకుంటున్నావు?"

"పగేం లేదు అన్నా."

"నీకేం, కూలి మనిషివి. ఈ చేను కాకపోతే ఇంకో చేను. దిగుబడి తగ్గితే కౌలు పోయేది నాకు. నా పిల్లలు ఏం తినాలి?"

"మీ చిన్నదానికి ఎన్నో నెల?" అంది కొలతమ్మ.

మీసాలాయన తన ఇంటి వైపు చూశాడు. ఆయన కూతురు పుట్టింటికి పురిటికి వచ్చి ఉంది. అదే బావి వరస, అదే నేల, అదే నీళ్ళు.

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

కొలతమ్మ చెప్పింది. ఏ రంగూ కలపకుండా, కూరగాయల ధర చెప్పినట్టు, తన మనవరాలి పెదవుల రంగు చెప్పింది, మడమ మీద చుక్క చెప్పింది, ఫ్లాస్కు చెప్పింది. ఏడ్చి చెప్పి ఉంటే ఆయన ఓదార్చి తప్పించుకునేవాడు. ఆ చప్పటి గొంతుకు ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. చివరికి ఆమె అట్ట తీసి ఆయన చేతికిచ్చింది.

"ఏ మొక్క దగ్గరైనా పెట్టి చూడండి. ఎక్కడ పాలిపోయి కనిపిస్తే అక్కడ ఇప్పుడే ఇంకో గుప్పెడు వేస్తాను."

ఆయన పదెకరాలూ తిరిగాడు. ఒక మూల చవిటి నేలలో మాత్రం ఆకు పాలిపోయి ఉంది. అక్కడ ఆమె వేసింది. తిరిగి వచ్చి మీసం ఒకసారి సవరించుకున్నాడు.

"ఇరవై రోజులు చూస్తాను. చేను తేడా కొడితే మేనేజరు దగ్గరికి నేనే పోతాను. ముందే చెప్తున్నా."

"పొండి" అంది కొలతమ్మ.

ఇరవై రోజులు గడిచాయి. ఆయన వెళ్ళలేదు. ఈలోగా పుట్టిన కూతురి బిడ్డకు మాత్రం పై కాలవ మొదట్లోని ఊట నుంచి రోజూ సైకిలు మీద రెండు క్యాన్ల నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. దారిలో నాలుగో నంబరు గది ముందు ఒక క్యాను దించి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నర్సమ్మకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పోతూ పోతూ కాగితపు ముక్కల డబ్బా కోడలి చేతిలో పెట్టి, ఎట్లా చదవాలో నేర్పి వెళ్ళింది.

గింజ పాలు పోసుకునే రోజుల్లో ఈదురుగాలి కొట్టింది. ఎస్టేటు సొంత సాగులో యంత్రంతో నిండా మందు పోసిన చేలు ఏపుగా, నల్లగా, మేనేజరు వచ్చినవాళ్ళకల్లా చూపించుకునేంత అందంగా ఉండేవి. కాండాల్లో పస లేదు. ఒక్క మధ్యాహ్నంలో చాపలా పడుకున్నాయి. కౌలు చేలు ఊగాయి, వంగాయి, మళ్ళీ నిలబడ్డాయి. కోతలయ్యాక చూస్తే మీసాలాయన గింజ నిరుటికంటే ఒక బస్తా ఎక్కువే తేలింది. చాలామందికి నిరుటంతే. ఇద్దరికి కాస్త తగ్గింది, వాళ్ళది కాలవ చివరి నేల, నీళ్ళే సరిగ్గా అందలేదు. బావి నీళ్ళలో కాగితం ముంచితే ఇంకా ముదురు గులాబీయే. ముప్ఫై ఏళ్ళు పోసింది ఒక్క పంటకు పోదని మట్టి మేష్టారు ముందే చెప్పాడు. నాలుగో గది పిల్లాడు మాత్రం బోర్లా పడుతున్నాడు.

కౌలు కాగితాలు తిరగరాసే రోజు వచ్చింది. పొద్దున పదింటికి కౌలుదారులంతా ఎస్టేటు ఆఫీసు వాకిట్లో వరసగా నిలబడి ఉన్నారు. అప్పుడు ఇరవై ఆరుమంది ఆడవాళ్ళు నెత్తిన దుప్పటి సంచులతో గేటులోంచి లోపలికొచ్చారు. దించారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ తెచ్చారు. మధ్యాహ్నానికి ఆఫీసు మెట్ల ముందు చారల సంచులు, పువ్వుల సంచులు, మాసికల సంచులు మనిషెత్తు గోడయ్యాయి. నినాదాలు లేవు. మోసి మోసి ఎవరికీ ఊపిరి లేదు.

మేనేజరు బయటికొచ్చాడు. ఒక సంచి మూతి విప్పి చూశాడు.

"ఏమిటిది?"

"మీ మందు" అంది కొలతమ్మ. "చేను తినగా మిగిలింది. తిరిగి తెచ్చాం."

"అంటే చల్లలేదా? చల్లినట్టు చూపించి దాచారా? ఇది దొంగతనం తెలుసా?"

"దొంగలు సరుకు తెచ్చి ఆఫీసులో అప్పజెప్పరు సారూ" అంది సైరనక్క. వాకిలి చివరిదాకా వినిపించింది. కౌలుదారుల్లో ఎవరో నవ్వి దగ్గుతో కప్పుకున్నారు. "వినండి. కౌలు కాగితంలోంచి బస్తాల లెక్క తీసేయాలి. మట్టి పరీక్ష కాగితం ఏ చేనుది ఆ చేను మనిషి చేతికివ్వాలి. లైన్లకు ఊట నీళ్ళు గొట్టం వేసి తేవాలి. పాలిచ్చే తల్లిని మధ్యలో ఇంటికి పోయి రానివ్వాలి. ఇవి అయ్యేదాకా ఈ ముఠా బకెట్టు పట్టదు."

"ఎవరు చెప్పారు మీకు ఇదంతా? ఆ మట్టి ముసలాడేనా?" మేనేజరు కౌలుదారుల వైపు తిరిగాడు. "చూశారా? మీ చేల నోటి దగ్గరి కూడు వీళ్ళు కొట్టేశారు. ఇట్లాంటి వాళ్ళను ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

వరస కదల్లేదు. ఎవరి ముఖంలోనూ ఏమీ కనిపించలేదు. మేనేజరుకు జవాబు కావాలి. వెతికి వెతికి అందరికంటే పెద్దరైతును చూశాడు.

"మీసాలాయనా, నువ్వు చెప్పు. నీకెంత నష్టం?"

"ఒక బస్తా ఎక్కువ పండిందండి" అన్నాడు మీసాలాయన. "అది నష్టమంటే, నష్టమే."

పోలీసు వ్యాను ఒంటిగంటకు వచ్చింది. ఎస్టేటు సరుకు అపహరణ, పంటకు నష్టం, జనాన్ని రెచ్చగొట్టడం. కాగితం ముందే టైపు చేసి ఉంది. ముగ్గురిని ఎక్కించారు, కొలతమ్మను, సైరనక్కను, ఇంటి నుంచి పట్టుకొచ్చిన మట్టి మేష్టారిని. సంచులు సాక్ష్యం కింద సీలు వేశారు. ఇన్‌స్పెక్టరు పేరడిగితే కొలతమ్మ చెప్పింది, వృత్తి అడిగితే చెప్పింది. నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగితే, "సగం చల్లాను. ఇన్నాళ్ళూ మొత్తం చల్లాను. ఏది నేరమో మీరే రాసుకోండి" అంది. కొలతమ్మకు ధైర్యం వచ్చిందని చెప్పలేం. భయమూ లేదు, ధైర్యమూ లేదు. బిడ్డ పోయిన రోజు నుంచీ ఆమె లోపల గాలి ఆడని గదిలా ఉంది. ఆ గదిలో కూర్చునే ఆమె ఇదంతా చేసింది.

వ్యాను గేటు దాటి కాలవ వంతెన దగ్గర ఆగిపోయింది. వంతెన మధ్యలో ఒక ట్రాక్టరు అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద మీసాలాయన. అడ్డదారిన ఎప్పుడు వచ్చాడో. వెనక మరో నాలుగు ట్రాక్టర్లు.

"తియ్యవయ్యా బండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు దిగి.

"తాళంచెవి కాలవలో పడిపోయిందండి."

"ఆ వెనకవాళ్ళవి?"

"నాది పడటం చూద్దామని వాళ్ళూ వంగారండి. వాళ్ళవీ పడ్డాయి."

కానిస్టేబుళ్ళు ట్రాక్టరును తోసి చూశారు. గేరులో ఉంది, అంగుళం జరగలేదు. ఎండ మండుతోంది. పట్నం రెండు గంటల నడక. కాసేపు ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి ముగ్గురినీ దింపి నడిపించుకుపోవడమే మేలనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. అక్కడే పొరపాటు చేశాడు.

ముగ్గురు ఖైదీలు, అయిదుగురు పోలీసులు వంతెన దాటారు. వెనక కోడలు నడుస్తోంది. ఆమె వెనక ముఠా ఇరవై మూడుమంది. వాళ్ళ వెనక చేతులూపుకుంటూ, తాళాలు లేని ట్రాక్టర్లు వదిలేసి కౌలుదారులు. వెనక్కి పొమ్మని కానిస్టేబులు అరిచాడు.

"రోడ్డు మీద నడుస్తున్నాం అయ్యా" అంది కోడలు. "మేమూ పట్నం పోతున్నాం. మా పిల్లను ఏ మందు చంపిందో రాయించడానికి."

అరమైలు పోయేసరికి పక్క ఎస్టేటు చేలు మొదలయ్యాయి. ఇంకో యజమాని, ఇంకో గంట, అవే లైన్లు. రోడ్డు వారగా ముప్ఫైమంది ఆడవాళ్ళు నడుముకు బకెట్లు కట్టుకుని కొత్త పంటకు మందు చల్లుతున్నారు. చేతులు ఆపి చూశారు. వరసకు ముందున్న మనిషి గట్టు దాకా వచ్చింది. కొలతమ్మ వయసే ఉంటుంది, చేతులూ అట్లాగే చీలి ఉన్నాయి.

"ఏం చేశారమ్మా మిమ్మల్ని పట్టుకుపోతున్నారు?"

"మందు తక్కువ చల్లాం" అంది కొలతమ్మ.

"మాట్లాడొద్దు. నడవండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చేను పండిందా మరి?"

"పండింది" అన్నారు వెనక నుంచి. ఆ మాట అన్నది ఆడవాళ్ళు కాదు, కౌలుదారులు.

గట్టు మీది మనిషి కాసేపు తన బకెట్టులోకి చూసుకుంది. వాళ్ళ లైన్లలోనూ ఎవరి బిడ్డో ఉండి ఉంటుంది. అడగలేదు. అడగడానికి ఆమెకు ఇంకో మాట దొరికింది.

"ఎంత చల్లారు?"

కొలతమ్మ ఆగింది. కానిస్టేబులు భుజం పట్టి నెట్టాడు. ఆగే ఉంది.

"నిలబడి చెప్తే అయ్యేది కాదు. నడుస్తూ చెప్తాను, రా."

ఆమె నడుము దగ్గరి ముడి విప్పి, బకెట్టు గట్టున పెట్టి, రోడ్డెక్కింది. ఆమె వెనక మరొకామె విప్పుతోంది.